ఉత్తుత్తి పిలుపు

మనుషుల్ని అనుకరించడం జూరాకి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మేనత్త తుమ్మినట్టు తుమ్మేది. లెక్కల టీచరు దగ్గినట్టు దగ్గేది, ఆ టీచరు వెనకే నిలబడి ఉన్నా సరే. పెద్దదైతే అదే తగ్గుతుందిలే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. తగ్గకపోగా, జీతమిచ్చి మరీ ఆ పని చేయించుకునే చోటు ఆమెకు దొరికింది.

ఆ చోటు బిష్కెక్‌లో ఒక మందుల షాపు పైన మూడో అంతస్తులో ఉంది. పెళ్లిళ్లకీ, పుట్టినరోజులకీ, పసివాడు మొదటి అడుగులు వేసినందుకు చేసే విందులకీ ఫోన్లలో పిలుపులు పంపే ప్రోగ్రాం తయారుచేసే చిన్న కంపెనీ అది. ఈ ఊళ్లో విందంటే సగం ఊరిని పిలవాలి. మిగతా సగం అలిగి కూర్చుంటుంది. కాబట్టి ఆ కంపెనీకి పనికి కరువు లేదు.

జూరా ప్రోగ్రాములు రాసేది జావా అనే కంప్యూటర్ భాషలో. ప్రోగ్రాం ఒక పిలుపు పంపాలంటే ముందు సందేశాలు చేరవేసే సంస్థ సర్వర్‌ని నెట్‌లో పలకరించాలి. పరీక్ష పెట్టిన ప్రతిసారీ నిజం సర్వర్‌ని పలకరిస్తే జనం ఫోన్లన్నీ మోగిపోతాయి. అందుకే పరీక్షల్లో దాని కుర్చీలో ఒక ఉత్తుత్తి సర్వర్‌ని కూర్చోబెడతారు. దాన్నే మాక్ అంటారు. అది గడప దాటదు, ఎవరికీ ఏమీ పంపదు. కూర్చున్న చోటు నుంచే "పంపేశాను, అందిపోయింది" అంటుంది. ప్రోగ్రాం నమ్మేస్తుంది. పరీక్ష పాసైతే తెర మీద పచ్చగా వెలుగుతుంది.

మిగతావాళ్ల ఉత్తుత్తి సర్వర్లు గంగిరెద్దుల్లా అన్నిటికీ తలూపేవి. జూరావి అలా కాదు. ఆమె చేసిన బ్యాంకు సర్వర్ అడిగినదానికల్లా సణుక్కునేది. చిరునామాల సర్వర్ టీ తాగడానికి వెళ్లి ఎంతకీ తిరిగొచ్చేది కాదు. ఇంకొకటి సగం మాట చెప్పి ఫోన్ పెట్టేసేది. నిజం సర్వర్లు అచ్చం అలాగే ఉంటాయి కాబట్టి ఆమె పరీక్షలు దాటిన ప్రోగ్రాం బయట ఎక్కడా తడబడేది కాదు. ఆమె అల్లరిని ఆఫీసులో అందరూ భరించింది అందుకే. నన్నడిగితే మెచ్చుకోవాల్సింది కూడా, కానీ ప్రోగ్రాములు రాసేవాళ్లకి మెచ్చుకోవడం చేతకాదు.

ఇంట్లో మాత్రం ఆమె అల్లరికి లొంగనిది ఒకటుంది. అది ఎముక గొడవ.

జూరా తండ్రి సాగిన్‌బెక్ ట్రాలీబస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయనకి ఒక్కడే తమ్ముడు, కాచ్కిన్. కొండల అవతల ఉన్న పెద్ద సరస్సుకి ఆ చివర, కరాకోల్‌లో ఉంటాడు. ఏడేళ్ల కిందట కాచ్కిన్ తన కూతురి పెళ్లి విందులో మాంసం పంచాడు. గొర్రెని కోశాక ఏ ఎముక ఎవరి ముందు పెట్టాలో లెక్క ఉంటుంది. తుంటి ఎముక పంక్తిలో అందరికన్నా పెద్దవాడిది. కాచ్కిన్ దాన్ని తీసుకెళ్లి వియ్యంకుడి అన్న ముందు పెట్టాడు. సొంత అన్న ముందు చిన్నవాళ్లకి పెట్టే కాలి ఎముక పెట్టాడు. వియ్యాలవారిని నెత్తిన పెట్టుకోవాలి కదా అని అతని వాదన. తండ్రి పోయాక నిన్ను పెంచినవాడికి పిల్లల ఎముక పెడతావా అని అన్న వాదన. సాగిన్‌బెక్ ఆ మాంసం ముట్టలేదు, ఇంటికి మూట కట్టించుకోనూ లేదు. లేచి వెళ్లిపోయాడు. నా గడపలో మాంసం వదిలేసి నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశాడని తమ్ముడికి అంతకంటే మంట. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

సాగిన్‌బెక్ ఆ తర్వాత ఎక్కడ విందుకెళ్లినా తల వంచుకుని తిని వచ్చేవాడు. కరాకోల్ బస్సు కనిపిస్తే అటు తిరిగేవాడు. ఇంటికొచ్చాక ఎవరూ అడగకుండానే "నాకెవరూ లేకపోయినా పర్లేదు" అనేవాడు. ఎవరూ అడగకుండా చెప్పే మాట ఏపాటి నిజమో జూరాకి తెలుసు. చూసి చూసి ఆమెకి జాలేసేది, ఆ వెంటనే ఒళ్లు మండేది. ఎముక కోసం కొట్టుకునే జీవాల్ని ఏమంటారో తండ్రి మొహం మీదే ఒకసారి అనేసింది కూడా. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఒక సోమవారం జూరా కొత్త పరీక్ష రాయడానికి కూర్చుంది. పరీక్షకి ఉత్తుత్తి విందు కావాలి, పిలిచేవాడు కావాలి, అతిథి కావాలి, రెండు ఫోన్ నంబర్లు కావాలి. ఆమె నోటికొచ్చిన నంబర్లు రెండే. ఒకటి నాన్నది, రెండోది ఇప్పుడు ఇంట్లో ఎవరూ నొక్కని బాబాయిది. ఎలాగూ ఉత్తుత్తిదే కదా! ఈ జన్మలో జరగని విందు ఏదా అని ఆలోచించి, పళ్లికిలిస్తూ ఇలా రాసింది: "గౌరవనీయులైన అన్నగారికి, శనివారం మా ఇంట విందుకు దయచేసి విచ్చేయగలరు. తుంటి ఎముక మీదే. ఇట్లు, మీ తమ్ముడు కాచ్కిన్." అతిథి ఒప్పుకున్నట్టు జవాబు కూడా తనే పెట్టేసింది. అప్పుడు పిలిచినవాడికి వెళ్లే కబురు: "మీ అన్నగారు సాగిన్‌బెక్ శనివారం తప్పక వస్తున్నారు." పరీక్ష పచ్చగా వెలిగింది. జూరా తనలో తాను నవ్వుకుని టీకి వెళ్లింది.

ఆమె టీ తాగుతుండగా పక్క బల్ల ఎర్మెక్ కొత్త కోడ్ చేర్చాడు.

ఎర్మెక్ ఆమెకన్నా పదేళ్లు చిన్న. బుద్ధిమంతుడే, కాళ్లు మాత్రం నేల మీద నిలవవు. అప్పటిదాకా పిలుపులు పంపే భాగం నెట్‌లో మాట్లాడే పనిముట్టుని బయట నుంచి తీసుకునేది. అందుకే పరీక్షలో జూరా దాని చేతికి ఉత్తుత్తిదాన్ని అందించగలిగేది. ఎర్మెక్ వేగం కోసమని ఆ పనిముట్టుని లోపలే పుట్టించేశాడు. నిజం సర్వర్ తలుపు తెరిచే తాళంచెవి కూడా దాని జేబులోనే పెట్టేశాడు. ఇక జూరా అందించిన ఉత్తుత్తిది గుమ్మంలో కూర్చుని ఉంటే, లోపలిది దాని పక్క నుంచే దర్జాగా బయటికి నడిచి నిజం సర్వర్‌ని తట్టి లేపింది. పరీక్ష మాత్రం మునుపటిలా పచ్చగానే వెలిగింది.

ఆ ఆఫీసులో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచీ నడుస్తాయి. కొత్త ప్రోగ్రాం విడుదల దగ్గర పడిన వారం కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నారు.

మంగళవారం సాగిన్‌బెక్ అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటున్నాడు.

"ఏంటి నాన్నా, ఈ సింగారం?"

"సింగారమేముంది? నోట్లోకొస్తున్నాయి."

బుధవారం బీరువాలోంచి ఉన్ని టోపీ తీసి బ్రష్షు పెట్టాడు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా బాల్కనీలోకి వెళ్లి, తలుపు వేసుకుని, చదువుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేవాడు. మళ్లీ టింగు, మళ్లీ బాల్కనీ. జూరాకి అనుమానం వచ్చింది. నాలుగో అంతస్తులో సమోసాలు చేసి అమ్మే ఒక వితంతువు ఉంది, ఆవిడకి నవ్వు కాస్త ఎక్కువ. అమ్మ పోయి చాలా కాలమైంది. పోనీలే, నాన్నకీ ఒక తోడుండాలి అనుకుని, ఆ నవ్వుని ఎలా అనుకరించాలా అని కూడా ఆలోచించి పెట్టుకుంది.

గురువారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బల్ల మీద ఫోన్ మోగింది. తప్పని తెలిసే జూరా తొంగిచూసింది.

"గౌరవనీయులైన అన్నగారికి..."

కింద అదే. దాని కింద కూడా అదే. తెర జరిపేకొద్దీ గౌరవనీయులైన అన్నగార్లే. సోమవారం జూరా పరీక్ష కోసం రాసిన ఉత్తుత్తి పిలుపే అది. బాల్కనీలోకి పరుగెత్తి కరాకోల్‌కి, పిన్ని బత్మాకి ఫోన్ చేసింది.

"పిన్నీ, బాబాయ్ ఫోన్‌కి ఏమైనా..."

"ఏమైనా ఏంటే! మీ నాన్నకి ఇన్నేళ్లకి మనసు కరిగిందే తల్లీ! శనివారం వస్తున్నానని ఒకసారి కాదు, వంద సార్లు కబురు పెడుతున్నాడు. మీ బాబాయ్ గొర్రెని కూడా ఎంచేశాడు. నిన్న గోడలకి సున్నం వేయించాడు. నన్ను కసురుకోవడం మానేశాడే! నాకే భయమేస్తోంది."

"బాబాయ్ ఏమంటున్నాడు?"

"ఏమంటాడు, తలుపు పక్కన కూర్చుంటున్నాడు. శనివారం ఇంకా రాలేదని చెప్పినా లేవట్లేదు."

జూరా బాల్కనీ తలుపు వేసేసింది. నిజం చెప్పాలా? చెబితే ఇద్దరు ముసలాళ్లూ తమను ఆటపట్టించారని తెలిసి, ఏడేళ్ల కోపానికి ఇంకో ఏడేళ్లు కలుపుకుంటారు. ఆ తర్వాత ఇద్దరికీ మిగిలి ఉండే ఏళ్లెన్ని? చెప్పకపోతే, భోజనాల దగ్గర ఎవరో ఒకరు "నువ్వే కదా పిలిచావు" అంటే రెండో ఆయన "నేనెప్పుడు పిలిచాను" అంటాడు. అక్కడితో అంతా అయిపోతుంది. చివరికి జూరా "సరే పిన్నీ" అని మాత్రం అనగలిగింది.

ఆఫీసులో అడుగుపెట్టగానే ఎర్మెక్ కుర్చీని కాలితో తన్నింది.

"ఒరేయ్, పనిముట్టుని లోపలే పుట్టించమని నీకెవడు చెప్పాడ్రా? నా ఉత్తుత్తిది గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకుంటోంది. నీది ఊరంతా తిరుగుతోంది!"

"పచ్చగానే ఉందిగా అక్కా."

"నిజం సర్వర్ కూడా అందిందనే అంటుంది. పచ్చగా కాక ఇంకెలా ఉంటుందిరా మొద్దూ?"

ఎర్మెక్ ఆమె రాసిన పరీక్ష తెరిచి, గడ్డం గోక్కుంటూ చదివాడు. "అయితే అక్కా, నీ ఉత్తుత్తిదాన్ని అసలు ఎవరైనా పలకరించారా లేదా అని అడిగే కోడ్ వరస ఒకటుండాలి కదా. అదేది?"

జూరా తెర మీదకి వంగి వెతికింది. ఆ వరస ఆమె రాయలేదు. టీకి వెళ్లే తొందరలో ఉంది మరి.

ఎర్మెక్ నిమిషంలో తప్పు సరిచేశాడు. పిలుపులు ఆగిపోయాయి. ఆపైన అతను అన్న మాటతో జూరాకి ముచ్చెమటలు పట్టాయి. "ఇప్పుడు క్షమాపణ పంపాలి. పొరపాటు సందేశం పోతే, పోయిన నంబర్లన్నిటికీ క్షమాపణ వెళ్లాలని రూలు. మేనేజరమ్మ సాయంత్రంలోగా చూపించమంటుంది."

"పంపావంటే నిన్ను ఈ కిటికీలోంచి తోసేస్తాను."

"నన్నెందుకు తోయడం? రూలక్కా."

జూరా కుర్చీ లాక్కుని కూర్చుని ఎముక కథంతా చెప్పింది. ఎప్పుడూ అందరి గొంతుల్లో మాట్లాడే మనిషి అప్పుడు తన గొంతులోనే మాట్లాడింది. ఎర్మెక్ నవ్వుతూ వినడం మొదలుపెట్టాడు, చివరికి వచ్చేసరికి నవ్వడం లేదు. వాళ్ల తాతకీ తాత తమ్ముడికీ గుర్రం జీను దగ్గర ఇలాంటిదే ఒకటి ఉండేది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే పోయారు.

"మరి రూలో?" అన్నాడు.

"రూలు ప్రకారం క్షమాపణ పంపాలి, అంతేగా? పంపుదాం."

జూరా చేతులు చకచకా కదిలాయి. క్షమాపణ పంపే భాగానికి ఉత్తుత్తి సర్వర్‌ని తగిలించింది. ఈసారి బయట నుంచి, పద్ధతిగా. దాన్ని పలకరించారో లేదో అడిగే వరస కూడా మర్చిపోకుండా రాసింది. మీట నొక్కింది. "మునుపటి సందేశం పొరపాటున వచ్చినది, దయచేసి పట్టించుకోకండి" అని ప్రోగ్రాం ఎంతో వినయంగా చెప్పుకుంది. ఉత్తుత్తి సర్వర్ అంతకంటే వినయంగా "అందింది" అంది. తెర పచ్చగా వెలిగింది. మేనేజరమ్మ వచ్చి ఆ పచ్చదనాన్ని చూసి, వీళ్లకి కనీసం బాధ్యత ఉంది అని తలూపి వెళ్లిపోయింది. ఎర్మెక్ మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున్నే జూరా కారు తీసింది. సాగిన్‌బెక్ ముందు సీట్లో కర్ర మింగినట్టు కూర్చున్నాడు, ఒళ్లో మిఠాయిల పెట్టె. కొండల మధ్య దారిలో ఆమె రెండుసార్లు నోరు తెరిచింది, నాన్నా నీకొక మాట చెప్పాలి అని. రెండుసార్లూ ఆయన "ముందు లారీ ఉంది, చూసి నడుపు" అన్నాడు. సరస్సు మొదట్లో పొగబెట్టిన చేపలమ్మేవాళ్లు చేతులూపినా ఆగనివ్వలేదు. ఆయన ఆ చేపల్ని వదిలిపెట్టడం జూరా ఎన్నడూ చూడలేదు.

కాచ్కిన్ గేటు బయటే ఉన్నాడు. అతనూ మీసం కత్తిరించుకున్నాడు. అన్నదమ్ములు చేతులు కలుపుకుని, వెంటనే వదిలేసుకున్నారు.

"దారి బాగుందా?" అన్నాడు కాచ్కిన్ జూరాతో.

"బాగుందని చెప్పు" అన్నాడు సాగిన్‌బెక్ జూరాతో.

"మీ నాన్న టీలో పాలు పోసుకుంటాడా, మానేశాడా?"

"పోసుకుంటానని చెప్పు."

ఇద్దరూ ఒకే పరుపు మీద కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి. జూరా ఆ ఖాళీ ఎదురుగా కూర్చుని ఒకరి మాట ఒకరికి అందించింది. ఈ అంటీముట్టని మర్యాద కన్నా కొట్టుకున్నా బాగుండేదనిపించింది ఆమెకి. ఎవరి నోటి నుంచి ఏ క్షణాన "నువ్వే కదా" అన్న మాట దొర్లుతుందోనని కాచుకుని ఉండగానే ఆమె టీ గిన్నె చల్లారిపోయింది.

మాంసం వచ్చింది. చేతుల మీద నీళ్లు పోశారు. బత్మా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కాచ్కిన్ పళ్లెంలో చెయ్యి పెట్టి తుంటి ఎముక తీశాడు. రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ల మీద ముందుకు జరిగి అన్న ముందు పెట్టాడు.

సాగిన్‌బెక్ దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. కత్తి తీసుకుని, అందులో మంచి మాంసం, దాని పక్కన కొవ్వు, సన్నగా కోసి, గుప్పెట నిండా పట్టుకున్నాడు.

"ఇలా రా. నోరు తెరు."

పెద్దవాళ్లు తమ వాటాలోంచి చిన్నవాళ్లకి అలా తినిపించడం మామూలే. కానీ కాచ్కిన్‌కి మనవలున్నారు. అయినా ఆ తెల్లమీసాల పెద్దమనిషి మోకాళ్ల మీద దగ్గరికొచ్చి, పిల్లవాడిలా నోరు తెరిచాడు. అన్న గుప్పెడు మాంసం అందులో కుక్కాడు. తమ్ముడి బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. అతను ఇక మాట్లాడలేడని రూఢి చేసుకున్నాకే సాగిన్‌బెక్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ కబుర్లు నువ్వు పంపలేదని నాకు మొదటిరోజే తెలుసు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను 'దయచేసి' అన్న పాపాన పోలేదు."

జూరా టీ గిన్నె కింద పెట్టేసింది. కాచ్కిన్ నమలడం ఆపాడు.

"అబద్ధమని తెలుసు. అయినా అది మోగినప్పుడల్లా వెళ్లి చూసుకునేవాణ్ణి. నువ్వు పిలుస్తున్నట్టే ఉండేదిరా. మొన్న ఆగిపోయింది, నిన్నంతా మోగలేదు. మోగకపోయేసరికి ఉండబట్టలేకపోయాను. అందుకే వచ్చాను."

కాచ్కిన్ కళ్లలోంచి నీళ్లు కారి మీసంలోకి దిగాయి. ఎలాగో సగం మింగి, మిగతా సగం బుగ్గన పెట్టుకుని అన్నాడు: "నాకు మాత్రం తెలీదేంటి? అన్నగారు తప్పక వస్తున్నారట! నువ్వు ఎప్పుడు ఎక్కడికి చెప్పి వచ్చావు గనక? అయినా గొర్రెని కోశాను. ఏమో, వస్తావేమోనని."

బత్మా గుమ్మంలోనే కూలబడి తలగుడ్డ కొసతో మొహం కప్పుకుంది. అన్నదమ్ములిద్దరూ, ఎవరో చెప్పినట్టు, ఒకేసారి తల తిప్పి జూరా వైపు చూశారు.

జూరా మొహం ఎర్రబడిపోయింది. ఇక దాచడం వల్ల కాదు. ఉత్తుత్తి సర్వర్లూ, లోపలే పుట్టిన పనిముట్టూ, పంపని క్షమాపణా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేతులు నలుపుకుంటూ, "నాన్నా, బాబాయ్, అసలేం జరిగిందంటే..." అని నోరు తెరిచింది.

సాగిన్‌బెక్ ఇంకో గుప్పెడు మాంసం తీసి ఆమె నోట్లో కుక్కాడు. అది మింగేలోపు కాచ్కిన్ ఇంకో గుప్పెడు పట్టుకుని తన వంతు కోసం కాచుకు కూర్చున్నాడు.